నేను కాకి అని చెప్పిన పక్షి

ఆ రోజుల్లో మనిషికి భయపడటానికి ఇన్ని సదుపాయాలు ఉండేవి కావు. ఇప్పుడంటే ఫోన్ తెరిస్తే చాలు, లోకంలో ఉన్న భయాలన్నీ వరసకట్టి చేతిలోకి వచ్చేస్తాయి. అప్పట్లో ఎవడి భయాలు వాడే వెతుక్కోవాలి. ఆ విషయంలో నేను మహా కష్టజీవిని. బందరులో ఉన్నంతకాలం కుక్కలంటే భయం, లెక్కల మాస్టారంటే భయం, ఆదివారం పాస్టరుగారు వాక్యం మధ్యలో ఆగి ఎవరి వంక చూస్తారోనని భయం. ఎనభైల చివర్లో సిడ్నీ వచ్చి ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో చేరాక, అవన్నీ బందరులోనే ఉండిపోయాయి కదా అని సంతోషించాను. రెండు నెలలు తిరక్కుండానే కొత్తది పట్టుకుంది. చెబితే నవ్వుతారు. సీగల్ అంటే భయం. అదేనండీ, సముద్రం ఒడ్డున మనుషుల చుట్టూ తిరిగే తెల్ల పక్షి. పొడుస్తుందని కాదు (పొడుస్తుంది కూడా, ఒకసారి నా చేతిలోంచి చేపముక్క లాక్కుపోయింది), అది ఏ రకం సీగలో చెప్పమంటారేమోనని.

ఎవరు చెప్పమంటారంటే, మా ల్యాబ్ పెద్దాయన. ఆస్ట్రేలియా మనిషి, మోకాళ్ళ దాకా సాక్సులు, ఎండకు కాలి ఇటుక రంగుకు తిరిగిన మెడ. నేను మనసులో ఆయనకు కెప్టెన్ అని పేరు పెట్టుకున్నాను (ఎదురుగా పిలిచే ధైర్యం ఏనాడూ రాలేదు). గాజు పలక మీద పరిచిన రక్తపు చుక్కను మైక్రోస్కోప్‌లో చూసి, ఏ కణం ఏదో రాయడం నా పని. నేను రాసినదాన్ని మళ్ళీ చూడటం ఆయన పని. చేరిన మొదటి వారంలోనే "వీకెండ్‌లో ఏం చేస్తుంటావ్?" అని అడిగారు. గదిలో పడుకుని ఇంటికి ఉత్తరాలు రాస్తాను అంటే పనికిమాలినవాడు అనుకుంటారేమోనని హడలిపోయి, ఆయన బల్ల మీద పక్షుల పుస్తకం కనిపిస్తే "నాకు పక్షులంటే చాలా ఇష్టం సర్" అనేశాను. ఆ ఒక్క మాట నా జీవితంలో ఎన్ని శనివారాలను మింగేసిందో లెక్కలేదు.

మొదటి శనివారమే నా పరువు పోయింది. కెప్టెన్, ఆయన స్నేహితులు నలుగురైదుగురు, అందరి మెడల్లో బైనాక్యులర్లు, నా మెడలో ఆయన అరువిచ్చిన పాతది. రాళ్ళ మీద మట్టి రంగు పక్షి ఒకటి కూర్చుని ఉంది. "మేట్, అదేంటో చెప్పు" అన్నారు. పెద్దగా ఉంది, గోధుమ రంగులో ఉంది, ముక్కు బలంగా ఉంది. "గద్ద" అన్నాను. ఎవరూ నవ్వలేదు. అందరూ ఒక్కసారిగా సముద్రం వైపు తిరిగి అలలను చాలా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు. నవ్వినా బాగుండేది. చివరికి కెప్టెన్ గొంతు సవరించుకుని, అది సీగల్ పిల్ల అనీ, పెద్ద జాతి సీగల్స్‌కి ఆ తెలుపు రావడానికి నాలుగేళ్ళు పడుతుందనీ, మొదటి ఏడు ఒళ్ళంతా మట్టి రంగు, రెండో ఏడు మచ్చలు మచ్చలుగా, ఏడాదికో వేషమనీ చెప్పారు. "తెలియకపోతే తెలియదని రాయి. ఊహించి మాత్రం రాయకు. పక్షిని ఊహించేవాడు రేపు స్లైడ్‌నీ ఊహిస్తాడు" అన్నారు. ఆ మాటతో నా పైప్రాణాలు పైనే పోయాయి.

నిజం చెప్పాలంటే సీగల్స్‌తో నాకు వేరే తగువేం లేదు. కెప్టెన్ పక్కన లేనప్పుడు అవంటే ముచ్చటే. ఆ చిన్న జాతి తెల్లవైతే ఎర్రటి కాళ్ళతో, పారాణి పెట్టుకున్న పెళ్ళికూతుళ్ళలా ఇసుకలో నడుస్తుంటే చూడబుద్ధేసేది. ఆయన పక్కన ఉన్నారంటే మాత్రం ప్రతి మట్టిరంగు పిల్లా నాకు ప్రశ్నపత్రంలా కనిపించేది. చెట్ల మీద వాలే ఎర్రవీ పచ్చవీ అన్నీ నేర్చుకున్నాను. సీగల్ కనిపిస్తే మాత్రం బూటు లేసు కట్టుకోవడానికి వంగేవాణ్ణి. నా బూట్లకు లేసులు నిలవవని ఆ గుంపులో పేరు కూడా వచ్చింది.

నేను అద్దెకున్న గది క్వేకర్స్ హిల్ అనే సిడ్నీ శివారులో ఒక ఫిజీ తెలుగువాళ్ళ ఇంటి వెనక. వాళ్ళ ముత్తాతలు చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి ఫిజీ వెళ్ళినవాళ్ళు. ఎనభై ఏడులో అక్కడ ప్రభుత్వం తారుమారయ్యాక వీళ్ళు ఇల్లమ్ముకుని ఇటొచ్చేశారు. ఇంటాయన్ని అన్నా అనేవాణ్ణి, బస్సు నడిపేవాడు. ఆయన భార్య వదిన. ఆయన తల్లి ఆంటీ. ఆంటీ తెలుగు వింటే నాకు ఆశ్చర్యం వేసేది. ఎప్పుడో ఓడలో పోయిన తెలుగు, మధ్యమధ్య హిందీ, అక్కడక్కడ ఇంగ్లీషు. నా తెలుగు వింటే ఆవిడకు నవ్వు. "నువ్వు రేడియోలాగ మాట్టాడతావు బాబూ" అనేది. మొదటిరోజే, నేను క్రైస్తవుణ్ణని ముందే చెప్పేస్తే మంచిదని (గది ఇచ్చాక పొమ్మంటారేమోనని భయం) నసుగుతూ చెబితే, "యేసయ్య పిల్లోడివైతే ఏంటి, సేపల పులుసు తింటావా లేదా?" అంది. తింటానన్నాను. అంతటితో మతం సంగతి తేలిపోయింది.

ఆంటీకి సుగర్. రోజూ ఇన్సులిన్ సూది. ల్యాబ్ మనిషినని ఆదివారం ఆదివారం వేలు పొడిచి చూసే పని నాకు అప్పగించింది. అలా వేలు పట్టుకుని కూర్చున్నప్పుడే ఒకసారి అంకుల్ సంగతి చెప్పింది. గొడవలకు ముందు ఏడే ఆయన పోయారు. పోయేముందు "ఈ ఇల్లు ఒదిలి ఏడకీ పోమాక" అని చెయ్యి పట్టుకుని అడిగారట. సరేనంది. ఏడాది తిరక్కుండా ఇల్లు అమ్మి విమానం ఎక్కాల్సొచ్చింది. "మాట ఇచ్చి తప్పినా బాబూ. ఆయన నా మీద కోపంగా ఉండాడు. అంతే, బస్" అంది. అంత మామూలుగా చెప్పేసరికి నేను ఆవిడ వేలికి దూది నొక్కి పట్టుకున్నాను.

ఆయన కోపం ఆవిడకు ఎలా తెలిసిందంటే, కాకి వల్ల. ఫిజీలో కాకులు లేవట. తద్దినం నాడు పిండం పెడితే గోరింకలు తినిపోయేవి, ఇంట్లో పెద్దవాళ్ళు "మన దేశంలో అయితే కాకి ముట్టేది" అని నిట్టూర్చేవాళ్ళట. ఆవిడ కాకిని వినడమే గాని చూసి ఎరగదు. సిడ్నీ వచ్చిన మొదటి వారం పెరట్లో కాకి అరిస్తే చెప్పులు కూడా లేకుండా పరుగెత్తిందట. (ఇక్కడి కాకి అరుపు మనవాటిలా ఉండదు. పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చినట్టు సాగదీస్తుంది. కళ్ళు తెల్లగా ఉంటాయి. నాకు దానన్నా భయమే.) ఇన్నాళ్ళకు అంకుల్‌కి సరిగ్గా తద్దినం జరుగుతుందని మురిసిపోయింది. మొదటి ఏడు బట్టలారేసే స్తంభం పక్కన విస్తరాకులో పిండం పెట్టారు. కాకి కంచె మీద వాలి, తెల్ల కళ్ళతో ఒకసారి ఆవిడను చూసి వెళ్ళిపోయింది. రెండో ఏడు పక్కింటి పిల్లి తినేసింది. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదని ఆవిడ పట్టు. రెండేళ్ళూ సాయంత్రం దాకా పస్తుండి, చివరికి వదిన ఏడిస్తే ఇంత మెతుకు నోట్లో వేసుకుందట.

మూడో ఏడు తద్దినం ఇంకో పది రోజులుందనగా అన్న నా గది తలుపు కొట్టాడు. "బ్రదర్, నువ్వు బర్డ్ ఎక్స్‌పర్ట్ కదా" అన్నాడు. కాదు అనడానికి నోరు తెరిచాను. "అమ్మ టికెట్ బుక్ చెయ్యమంటోంది. ఈసారి కూడా కాకి ముట్టకపోతే ఫిజీ పోతాదట, ఆయన కాడే ఉంటాదట. అక్కడ మాకెవురున్నారు బ్రదర్? మా దూరపు అత్త ఇంట్లో వరండా. కరెంట్ ఉంటే ఉంటాది, లేకపోతే లేదు. ఇన్సులిన్ ఏడ పెడతాది? ఐయామ్ స్కేర్డ్, మ్యాన్." ఆయన బస్సు నడిపే చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటున్నాడు. ఆవిడ సుగర్ అంకెలు ఆ ఇంట్లో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియవు. మూడు నెలలు బతుకుతుందా అని లోపల లెక్క వేసుకున్నాను. తెరిచిన నోటితోనే "కాకులు తప్పకుండా వచ్చే చోటొకటి నాకు తెలుసన్నా" అన్నాను.

అబద్ధం కాదు. దక్షిణం వైపు సముద్రపు ఒడ్డున ఒక పిక్నిక్ స్థలం ఉంది. కెప్టెన్‌తో వెళ్ళినప్పుడు అక్కడి కాకులు మనుషుల చేతుల్లోంచి చిప్స్ లాక్కోవడం చూశాను. సిగ్గూ భయం లేని కాకులు. పిండం పెడితే వద్దంటాయా?

తద్దినం రోజు పొద్దున్నే అన్న పాత స్టేషన్ వ్యాగన్ కార్లో బయలుదేరాం. ముందు సీట్లో ఆంటీ, ఒళ్ళో తెల్ల గుడ్డ కప్పిన పళ్ళెం. వెనక నేను, వదిన, మా మధ్య వేడి వేడి గారెల డబ్బా. గంటన్నర ప్రయాణం ఆ వాసన పీలుస్తూ కూర్చోవడం ఎంత పరీక్షో చెప్పలేను (నాకు ఉపవాసం అక్కర్లేదని ఆంటీ అంది, కానీ ఆవిడ తినకుండా ఉంటే ఎదురుగా నమిలే ధైర్యం నాకెక్కడిది). ఒడ్డు చేరాక అన్న స్నానం చేసి వచ్చి, వాళ్ళ నాన్న నేర్పిన మంత్రాలు వచ్చినంత చెప్పి, నువ్వులు కలిపిన పిండాన్ని ఒక చదునైన రాయి మీద పెట్టి వెనక్కి వచ్చాడు. మేం ముప్ఫై అడుగుల దూరంలో దుప్పటి పరుచుకుని కూర్చున్నాం.

కాకి లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. అప్పుడు సిగ్గు లేకుండా తిరిగినవి ఆ రోజు ఏ పెళ్ళికి వెళ్ళాయో. సీగల్స్ మాత్రం దిగాయి. ముందు రెండు, తర్వాత పది, తర్వాత లెక్కపెట్టడం మానేశాను. అన్న టవల్ ఊపుతూ వాటిని తరుముతున్నాడు, అవి నాలుగడుగులు ఎగిరి మళ్ళీ వాలుతున్నాయి. తొమ్మిదయింది, పదయింది, పదకొండయింది. ఆంటీ కదలకుండా రాయి వంక చూస్తూ ఉంది. పెదాలు కదులుతున్నాయి. పన్నెండు దాటాక ఆవిడ నుదుటి మీద చెమట చూశాను. సముద్రం గాలికి మేం ముగ్గురం చేతులు ముడుచుకుని కూర్చున్నాం, ఆవిడకు చెమట. చేతివేళ్ళు వణుకుతున్నాయి. "ఆంటీ, పొద్దున సూది వేసుకున్నారా?" అన్నాను. "రోజూ ఏసుకునేదే కదా" అంది. మాట ముద్దగా వచ్చింది.

సూది వేసుకుని ఏమీ తినలేదు. సుగర్ పడిపోతోంది. ఇంకో అరగంట ఇలాగే ఉంటే మనిషి పడిపోతుంది, ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు. అది తెలియనివాళ్ళు అదృష్టవంతులు. వదిన పంచదార నీళ్ళు కలిపి నోటి దగ్గర పెడితే ఆవిడ గ్లాసు పక్కకు నెట్టేసింది. "కాకి ముట్టాలి" అంది. "అమ్మా, ప్లీజ్, పిచ్చి పని చెయ్యమాక" అని అన్న అరిచాడు. "అరవమాక. మీ నాయన ఇంటాడు" అంది. నేను నా దేవుణ్ణి తలుచుకున్నాను. ఒక్క కాకి పంపించు ప్రభువా, నీకేం పోయింది అని అడిగాను. ఇంకొకరి తద్దినానికి నేను ప్రార్థన చెయ్యవచ్చో లేదో అప్పుడు ఆలోచించలేదు.

సరిగ్గా అప్పుడే తెల్ల సీగల్స్ అన్నీ ఒక్కసారి లేచిపోయాయి. రాళ్ళ అవతలి నుంచి ఒక పెద్ద పక్షి, నల్లటి ముదురు మట్టి రంగులో, రెక్కలు చాపుకుని నిదానంగా వచ్చి రాయి మీద వాలింది. అటూ ఇటూ చూసింది. పిండాన్ని ముక్కున కరుచుకుంది. అన్న మెడలో వేలాడుతున్న కెమెరా ఎప్పుడు ఎత్తాడో క్లిక్కుమంది. ఆంటీ నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది. "బాబూ, నా కళ్ళు సరిగా ఆనడం లేదు. సూసి సెప్పు. కాకేనా?"

బైనాక్యులర్ ఎత్తాను. పెద్ద ఒళ్ళు. బలమైన ముక్కు, మొదట్లో కాస్త లేత రంగు. పొరపాటు పడే వీల్లేదు. ఏ పిల్లను చూసి గద్ద అన్నానో ఆ తరహా పిల్లే. జీవితంలో మొదటిసారి ఒక సీగల్‌ని అనుమానం లేకుండా గుర్తుపట్టాను. దాని వయసు కూడా చెప్పగలను. ఎవరికి చెప్పను? అన్న నా వంక చూస్తున్నాడు. వదిన నా వంక చూస్తోంది. ఆంటీ వేళ్ళు నా మోచేతి మీద వణుకుతున్నాయి. అబద్ధసాక్ష్యం పలకకూడదని ఆదివారం బడిలో నేను బట్టీపట్టి బహుమతిగా రంగు బొమ్మల కార్డు కూడా తీసుకున్నవాణ్ణి.

"కాకే ఆంటీ" అన్నాను.

"సరిగా సూసినావా?"

"కాకే. ఇక్కడి కాకి. కాస్త పెద్దది."

ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి బావురుమంది. ఏడుస్తూనే పంచదార నీళ్ళు తాగింది, ఏడుస్తూనే గారె తింది. అరగంటలో మాట తేటపడింది, చెమట ఆగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఆయనకు కోపం పోయినాది" అని అందరికీ చేత్తో తినిపించింది. వదిన నాకు గారె ఇస్తూ ఒక్క క్షణం నా కళ్ళలోకి చూసింది. ఇంకో రెండు గారెలు వేసింది. ఆ రాత్రి నా పక్షుల నోటుపుస్తకంలో ఆ రోజు చూసినవాటి లెక్క రాయాలి, కెప్టెన్ నెలాఖరున చూస్తారు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, ఇంట్లో చెప్పిందీ పుస్తకంలో ఉన్నదీ ఒకటి కాకపోతే ఎప్పటికైనా దొరికిపోతానని భయపడి, "కాకి, ఒకటి" అని రాశాను.

కొంప ఆ తర్వాత మునిగింది. అన్న ఫోటోలు కడిగించి తెచ్చాడు. ఆంటీ అందులో ఒకటి పెద్దది చేయించి, చట్రం కట్టించి, హాల్లో అంకుల్ పటం పక్కన పెట్టింది. రోజూ దీపం, ఒక పువ్వు. ముక్కున పిండంతో, ఎండలో మెరిసిపోతూ, ముక్కు మొదట్లో ఆ లేత రంగు కూడా స్పష్టంగా కనిపిస్తూ, నిక్షేపంలాంటి సీగల్ పిల్ల. ఆ ఇంటికి ఎవరొచ్చినా నాకు ముచ్చెమటలు పట్టేవి. పాలవాడు, కరెంటు మీటరు చూసేవాడు, గుడి కమిటీ ఆంటీలు, ఎవరి నోటెంట ఆ మాట వస్తుందోనని వాళ్ళు వెళ్ళేదాకా గుమ్మంలో తచ్చాడేవాణ్ణి. ఆంటీ టికెట్ మాట ఎత్తలేదు. పెరట్లో కరివేపాకు మొక్క నాటింది. ఉండిపోయే మనిషే మొక్క నాటుతుంది. అది చూస్తుంటే సంతోషం, వెంటనే దాన్ని మించిన భయం.

రెండు నెలలు అలా గడిచాయి. ఒక శనివారం పొద్దున నా పాత కారు కదలనంటే, కెప్టెన్ తానే వచ్చి ఎక్కించుకుంటానన్నారు. వీధి చివర నిలబడతాను సర్ అని బతిమాలాను. చెప్పిన టైముకు పావుగంట ముందే వచ్చి ఇంటి తలుపు కొట్టారు. నేను చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ పరిగెత్తేసరికి ఆంటీ ఆయన్ని హాల్లో కూర్చోబెట్టి టీ కూడా ఇచ్చేసింది. నేను వెళ్ళి పటానికి అడ్డంగా నిలబడ్డాను. "కూర్చో మేట్" అన్నారు కెప్టెన్. "ఫర్వాలేదు సర్, నిలబడటం అలవాటు" అన్నాను. ఆంటీ నన్ను పక్కకు తోసింది. "మిస్టర్, యూ నో ఆల్ ద బర్డ్స్, నో? లుక్. మై హస్బెండ్ సెండ్ దిస్ క్రో" అని చట్రం తీసి ఆయన చేతిలో పెట్టింది.

కెప్టెన్ టీ కప్పు కింద పెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. వంటింటి గుమ్మంలో వదిన ఆగిపోయింది. ఇప్పుడు ఆయన నిజం చెబుతారు, ఈవిడ పెట్టె సర్దుకుంటుంది, నా వల్ల ఒక ముసలావిడ వరండాలో సూది లేక చచ్చిపోతుంది అని నాకు చెవుల్లో హోరు. ఆయనకు కళ్ళతో సైగ చేద్దామంటే అసలు నా వంక చూడటం లేదు. చివరికి, "మేడమ్, ఇది కాకి కాదు. పసిఫిక్ గల్. మొదటి ఏడు పిల్ల" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు అక్కడే ఉన్నావా?" అన్నారు.

"ఉన్నాను సర్."

"ఏమని రాశావ్?"

"కాకి."

ఆయన ముఖంలో నేను ఊహించిన కోపం లేదు. అంతకంటే ఘోరం, జాలి. "ఇది దక్షిణ తీరాల పక్షి. ఇంత ఉత్తరానికి రావడమే అరుదు. నేనే ఈ పక్క చూసి ఏళ్ళయింది. ఫోటో తీసిన చోటు చూపిస్తావా?" అంటున్నారు, నాకు సగమే వినిపిస్తోంది. నేను ఆంటీనే చూస్తున్నాను. ఆవిడ సోఫా అంచున కూర్చుంది. తర్వాత కెప్టెన్‌ని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది, అది ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరితో వస్తుంది అని. చిన్నప్పుడు పుట్టిన చోటు వదిలి తిరుగుతాయి మేడమ్, తోవ ఎవరూ చూపించరు, ఇది బహుశా ఒక్కటే వచ్చింది అన్నారాయన. ఆవిడ తలూపింది. అప్పుడు నన్ను పిలిచింది.

"ఎందుకు బాబూ కాకి అన్నావు?"

"భయమేసింది ఆంటీ" అన్నాను. ఇరవై నాలుగేళ్ళ మగాణ్ణి, బాస్ ముందు చిన్నపిల్లాడిలా అనేశాను. "మీకేమన్నా అవుతుందని. బతికినా ఫిజీ వెళ్ళిపోతారని."

ఆవిడ నా నెత్తి మీద ఒక్కటిచ్చింది. గట్టిగానే. "పిచ్చోడా. నాకు మాత్రం పోవాలని ఉండాదా? ఆ వరండాలో ఏం సేస్తాను? నోటితో అనేసినాను, అన్నాక ఎనక్కి తీసుకోడానికి సిగ్గు. పిట్ట రాకపోతే పోవాల్సొస్తాదని ఆ రోజంతా నేనెంత భయపడినానో నీకేం తెలుసు!" అని కళ్ళు తుడుచుకుని, పటాన్ని కెప్టెన్ చేతిలోంచి తీసుకుని చూసుకుంది. "కాకి అయితే ఎవురింటికైనా పోతాది. ఈ దేశం నిండా కాకులే. ఇది అంత దూరం నుంచి నా కోసరం ఒక్కటే ఎగురుకుంటా వచ్చినాది. ఆయన పంపకపోతే దానికి తోవ ఎట్టా తెలుస్తాది?" అని తీసుకెళ్ళి అంకుల్ పక్కనే, ఇదివరకటి కంటే కాస్త ముందుకు జరిపి పెట్టింది. వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది, ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. కెప్టెన్ ఏం జరుగుతోందో అర్థం కాక రెండో కప్పు టీ తాగారు. కార్లో కూర్చున్నాక నన్ను తిడతారని ఎదురుచూశాను. నోటుపుస్తకం అడిగి తీసుకుని, నేను రాసిన "కాకి" మీద తానే ఒక గీత గీసి, సరైన పేరు రాసి, పక్కన నా పేరు పెట్టారు. "చూసింది నువ్వే కదా" అన్నారు.

మరుసటి ఏడు తద్దినానికి అదే ఒడ్డుకు వెళ్ళాం. ఈసారి కెప్టెన్ కూడా టెలిస్కోప్‌తో సహా వచ్చారు (పక్షి వచ్చేదాకా గారెలు పెట్టరని ఆయనకు ఎవరూ చెప్పలేదు). అన్న పిండం పెట్టి వెనక్కి తిరిగాడో లేదో, నమ్మండి, కాకి వచ్చింది. అసలు సిసలు నల్ల కాకి, తెల్ల కళ్ళు, దర్జాగా రాయి మీద వాలింది. ఆంటీ లేచి కొంగు బిగించి పరిగెత్తింది. "పో! పో! నీక్కాదు!" అని చేతులు విసురుతూ దాన్ని తరిమేసింది. తరతరాలుగా ఆ కుటుంబం ఎదురుచూసిన కాకి, అరుచుకుంటూ ఎగిరిపోయింది. నేను గుండె చేత్తో పట్టుకుని, పక్షుల పుస్తకంలో మట్టిరంగు పిల్లలున్న పేజీలో వేలు పెట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను. మొదటి ఏడు పిల్ల వస్తే ఒకటి, రెండో ఏడుది వస్తే ఇంకొకటి, ఈసారి ఒక్క ముక్క కూడా తప్పు చెప్పకూడదని రాత్రంతా చదివి వచ్చాను. ఏడాది గడిచింది కాబట్టి అదే పక్షి అయితే మచ్చలతో ఉండాలి, ముక్కు రంగు మారి ఉండాలి. మారకపోతే ఏం చెప్పాలి?

పెద్ద పక్షి రాలేదు. ఊళ్ళో ఎప్పుడూ ఉండే చిన్న తెల్ల సీగల్స్, ఎర్రకాళ్ళవి, గుంపుగా వాలి ఒకదాన్నొకటి తోసుకుంటూ పిండం మీద పడ్డాయి. అన్న టవల్ తీశాడు. ఆంటీ ఆ టవల్ పట్టుకుని ఆపేసింది. "తిననీ రా. ఆకలేస్తాంది వాటికి" అంది. కాసేపు నవ్వుతూ వాటి కొట్లాట చూసి, గారెల డబ్బా మూత తీసి, మొదటిది కెప్టెన్‌కి ఇచ్చింది. అంకుల్ కోపం సంగతేమిటని ఆవిడ నా వంక చూడను కూడా లేదు.

ఇప్పుడు ఆవిడ లేదు. కెప్టెన్ లేరు. నేను ఆ పాత ఇంటికి దగ్గర్లోనే ద పాండ్స్ అనే పేటలో ఉంటున్నాను, అప్పట్లో అక్కడంతా గడ్డి. రిటైరయ్యాక కూడా శనివారాలు సముద్రం ఒడ్డుకు వెళ్తాను, మట్టిరంగు సీగల్ పిల్ల కనిపిస్తే ఇప్పటికీ గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. ఆ ఒడ్డున బక్కచిక్కిన ఒక కుర్రాడు, ఒక చేతిలో గారె, ఒక చేతిలో తెరిచిన పుస్తకం పట్టుకుని నిలబడి ఉండటం కనిపిస్తుంది. అన్ని పేర్లూ నేర్చుకుని వచ్చాడు పాపం. ఆవిడ అడుగుతుందేమో, అడిగితే ఈసారి నిజం చెప్పాలి అని భయంతో చస్తున్నాడు. ఆవిడ మాత్రం వాడి నోట్లో ఇంకో గారె కుక్కి, అవి ఏ పక్షులో అడగనే లేదు.